రెండు లీటర్ల నీళ్ల మీద తగవు

నెల్లూరు నుంచి మైపాడు రోడ్డు పట్టుకుని తూర్పుకి పోతే, ఇందుకూరుపేట దాటాక వరి మళ్లు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఈ సంవాదంలో మామ ఆ గుంటల మనిషి. టైగర్ రొయ్య రోజుల్లో దిగి, మునిగి, వనామీ రొయ్యతో మళ్లీ తేలినవాడు. ఆయన మేనకోడలిది నెల్లూరు వేదాయపాళెంలో కాపురం. ఆమె కొడుకు పుట్టినరోజుకి ఎవరో ఎర్ర ఫైటర్ చేపని రెండు లీటర్ల గాజు జాడీలో వేసి తెచ్చిచ్చారు. శాస్త్రం దాన్ని బెట్టా స్ప్లెండెన్స్ అంటుంది. ఇప్పుడది రెక్కలు ఒంటికి అంటించుకుని జాడీ అడుగున పడుకుని ఉంది. తోక అంచు పేలికలైంది. మేత ముట్టడం లేదు. పక్కనే కొత్త గాజు తొట్టి, దాని నిండా తళతళలాడే నీళ్లు. మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనాలయ్యాయి. చేపల పులుసు తిని చేప ఆరోగ్యం గురించి వాదించుకోవడంలో ఇద్దరికీ ఏ ఇబ్బందీ కనబడలేదు.

మామ: ఈ తొట్టి ఎంతైంది?

కోడలు: ముప్ఫై లీటర్లది మామా. మూత, స్పాంజి ఫిల్టరు, చిన్న గాలి పంపు, హీటరు అన్నీ కలిపి మూడు వేలు.

మామ: చేప?

కోడలు: నూటయాభై ఉంటుంది.

మామ: నూటయాభై రూపాయల చేపకి మూడు వేల ఇల్లా! డబ్బు ఎక్కువై కాదు, దాని సంగతి తెలవక. ఇది థాయ్‌లాండ్ చేప. అక్కడ వరి మళ్లలో, బురద కుంటల్లో పుట్టి పెరుగుతాది. మన కొర్రమీను ఉండ్లా, పైకొచ్చి గాలి మింగి పోతాది చూడు, ఇదీ అట్టాంటిదే. మద్రాసు కొళత్తూరులో అంగళ్లకి పోయి చూడు, వరసగా చిన్న చిన్న కవర్లలో కట్టి పెట్టుంటారు. చచ్చిపోతా ఉండాయా?

కోడలు: అంగడివాడికి అవి రేపో ఎల్లుండో అమ్ముడుపోవాలి. నాకు రెండు మూడేళ్లు బతకాలి. వరి మడి అంటున్నావు సరే, లోతు జానెడే కావచ్చు, వెడల్పు ఎంత? ఎన్ని వేల లీటర్లు? నాచు, మొక్కలు, బురదలో సూక్ష్మజీవులు, పైనుంచి వాన. ఎండాకాలంలో కుంట ఇంకిపోయి మిగిలిన బురద నీళ్లలో కొన్నాళ్లు ప్రాణం నిలుపుకుంటుంది, ఒప్పుకుంటా. దాన్ని చూసి ఏడాదంతా అట్లాగే ఉండమంటే ఎట్లా?

మామ: గాలి పీల్చే చేపకి నీళ్లెక్కువైతే ఏం, తక్కువైతే ఏం?

కోడలు: అదే నువ్వు పొరబడేది. గాలి పీల్చేది ఆక్సిజన్ కోసం. తల లోపల దానికో అవయవం ఉంది, ముడతలు ముడతలుగా, దాంతో పైగాలిని వాడుకుంటుంది. కానీ ఒంట్లో పుట్టిన అమ్మోనియా బయటికి పోవాల్సింది మొప్పల్లోంచే. నీళ్లలో అప్పటికే అమ్మోనియా నిండి ఉంటే అదెక్కడికి పోతుంది? మొప్ప కాలిపోతుంది, ఒంటి మీద జిగురు పొర పోతుంది, తోక అంచుకి బ్యాక్టీరియా పడుతుంది. నీ గుంటలో ఇట్లాంటి నీళ్లుంటే నువ్వు రాత్రి నిద్రపోతావా?

ఇక్కడ మామ జవాబు వెతుక్కోలేదు. గుంట మాట ఎత్తగానే ఆయన కూర్చున్న తీరే మారింది.

మామ: అమ్మోనియా గురించి నాకు చెప్తా ఉండావా! నీళ్లు ఇరవై ఎనిమిది డిగ్రీలు ఉండి పీహెచ్ 7 అయితే, మొత్తం అమ్మోనియాలో విషం పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి ఎక్కితే నూటికి ఆరేడు. 9 అయితే నలభై. అందుకే మధ్యాన్నం ఎండకి గుంట పీహెచ్ ఎక్కే రోజుల్లో మాకు భయం. అమ్మోనియా అంతే ఉంటాది, విషం మాత్రం పెరుగుతాది.

కోడలు: మరి ఆ లెక్క రెండు లీటర్ల జాడీకి వర్తించదా?

మామ: వర్తిస్తాది. సరే, జాడీ చాలదు. ఒప్పుకున్నా. ఇప్పుడు నా మాట విను. ఈ తొట్టిలో నీళ్లు ఎప్పుడు పోశావు?

కోడలు: నిన్న రాత్రి.

మామ: ఎప్పుడు వదలాలని?

కోడలు: ఈ సాయంత్రమే. పొద్దు వాలి చల్లబడ్డాక.

మామ: చూశావా! గుంటని మేం ఎట్ట తయారు చేస్తాం? ఎండగడతాం, నెర్రెలిచ్చేదాకా. సున్నం కొడతాం. నీళ్లు పెట్టి బ్లీచింగ్ చేస్తాం. ఆ తర్వాత నీళ్లకి రంగు రావాలి. రంగు వచ్చి, నిలబడి, అప్పుడు సీడ్, అంటే రొయ్య పిల్లల్ని వదలడం. రంగు రాని నీళ్లు చూడ్డానికి అద్దంలాగా ఉంటాయి, నీ తొట్టిలో మాదిరి. దాంట్లో సీడ్ వదిలితే ఏమవుతాదో అడుగు, మా కాలవ కింద రైతుని ఎవరినైనా. జబ్బు చేప, కొత్త ఇల్లు, అందులో పనిచేసే బ్యాక్టీరియా ఒక్కటీ లేదు. నువ్వు దానికి మేలు చేస్తా ఉండావో, తొందరపడతా ఉండావో!

(ఇది గట్టి దెబ్బ. చేప జబ్బు పడిందనగానే పెద్ద తొట్టి కొని ఆ పూటే అందులోకి దించేవాళ్లే ఎక్కువ. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, గులకరాళ్ల మీద, గాజు మీద కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ కొత్త తొట్టి ఒక పెద్ద జాడీ, అంతే.)

కోడలు: ఆరు వారాలు ఆగితే రంగు వస్తుంది మామా, చేప ఉండదు. నేనేమీ ఇక్కడ లక్షల సీడ్ వదలడం లేదు, ఉన్నది ఒక్కటే. అదే మలం, అదే మూత్రం, రెండు లీటర్లలో పడేది ముప్ఫై లీటర్లలో పడితే పదిహేనో వంతుకి పలచనవుతుంది. రోజు మార్చి రోజు పావు వంతు నీళ్లు మారుస్తా. మేత తగ్గిస్తా. ఆ బ్యాక్టీరియా పెరగడానికి కూడా కాస్త అమ్మోనియా కావాలి కదా, ఈ చేపే పెడుతుంది.

మామ: మేత ఎంతేస్తా ఉండావు?

కోడలు: పిల్లాడు గుప్పెడు వేసేవాడు, ప్రేమతో. ఇప్పుడు ఆపేశా. తేరుకున్నాక పొద్దున రెండు గింజలు, సాయంత్రం రెండు.

మామ: చెక్ ట్రే పెట్టుకో.

కోడలు: ఈ తొట్టికి చెక్ ట్రేనా?

మామ: చిన్న గిన్నె వెయ్యి అడుగున. మేత మిగిలిందా, ఆ పూటకి చాలు. మిగిలిన మేతే సగం జబ్బులకి మూలం, గుంటలోనైనా తొట్టిలోనైనా. అన్నట్టు, మా దగ్గర ప్రోబయోటిక్ డబ్బా ఉండాది. రెండు చుక్కలు ఇస్తా.

కోడలు: వద్దు. అది నీ గుంట అడుగున బురద కుళ్లకుండా వేసేది. అందులో ఎక్కువగా ఉండేవి బ్యాసిల్లస్ రకాలు. నాకు కావాల్సినవి వేరే. పక్క వీధిలో మా స్నేహితురాలింట్లో నడుస్తున్న తొట్టి ఉంది. వాళ్ల ఫిల్టరు స్పాంజిలో ముక్క అడిగి తెచ్చి ఇందులో పెడతా. ఆరు వారాల పని బాగా తగ్గుతుంది.

మామ: వాళ్ల చేపలకి జబ్బు లేదని ఎవరు చెప్పారు? అమ్మాయ్, 94-95లో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. ఒకరి గుంటలో రొయ్యలు చచ్చాయి. వాళ్లు ఆ నీళ్లు కాలవలోకి వదిలారు. ఆ కాలవలోంచే పక్కోడు మోటారు పెట్టి తోడుకున్నాడు. వారం తిరక్కుండా వాడిదీ పోయింది. తర్వాత వాడి పక్కోడిది. బంగారం కుదవపెట్టి గుంటలు తవ్విన ఇళ్లలో పొయ్యి వెలగలేదు. అందుకే ఇప్పుడు వనామీ తల్లి రొయ్యలు పరాయి దేశంనుంచి వస్తే నేరుగా హేచరీకి పోవు. మద్రాసు నీలాంకరైలో క్వారంటైన్‌లో పెట్టి, పరీక్ష చేసి, అప్పుడు ఇస్తారు. 2009లో వనామీకి అనుమతి ఇచ్చేటప్పుడే పెట్టిన ఏర్పాటు అది. ముక్క స్పాంజి తెస్తా అంటా ఉండావే, దానితో పాటు ఏం వస్తాదో!

కోడలు: వాళ్లింట్లో నెలల తరబడి కొత్త చేప రాలేదు, ఒక్కటీ చావలేదు. అది కనుక్కునే అడిగా.

మామ: అట్టయితే తెచ్చుకో. తెచ్చేటప్పుడు ఎండనివ్వబాక, వాళ్ల నీళ్లలోనే ముంచి తే. కొళాయి నీళ్లలో మాత్రం కడగబాక. క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా పోతాది.

కోడలు: నీళ్ల దగ్గరే నాకు అసలు తికమక. క్యాన్ నీళ్లు పోద్దామనుకున్నా, శుభ్రంగా ఉంటాయని.

మామ: ఆర్వో నీళ్లా! అందులో ఏముంటాది? ఖనిజాలన్నీ లాగేస్తారు. ఆల్కలినిటీ లేని నీళ్లకి పట్టు ఉండదు. నాలుగు రోజులకి పీహెచ్ దబ్బున దిగిపోతాది.

కోడలు: పోనీ బోరు నీళ్లు పోద్దామంటే ఉప్పు, గట్టితనం. మీ వైపు అయితే మరీ. ఆ ఉప్పు ఎవరి పుణ్యమో నీకే తెలుసు.

మామ: ఏమ్మే, అంతా మా గుంటల వల్లేనా? సముద్రం పక్కన ఊళ్లలో బోర్లు ఉప్పగా లేకుండా పోతాయా?

కోడలు: 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా, తీరంలో రొయ్యల చెరువుల మీద. తాగే నీళ్లు ఉప్పెక్కుతున్నాయనే మాట అందులో లేదా?

మామ: ఉంది. ఆ తర్వాత 2005లో చట్టం వచ్చింది, అథారిటీ వచ్చింది, లైసెన్సు తీసుకుని చేస్తా ఉండాం. ఇప్పుడు ఆ పాత చిట్టా ఎందుకు? చేప సంగతి చూడు.

చిట్టా అక్కడితో ఆగింది. మూసుకుపోయిందని మాత్రం అనుకోలేను. మామ ఊళ్లో ఇప్పటికీ తాగడానికి క్యాన్లే కొంటున్నారు.

కోడలు: సరే, మున్సిపాలిటీ కొళాయి నీళ్లు పట్టి ఒక రోజు బకెట్లో ఉంచితే?

మామ: క్లోరిన్ చాలావరకు పోతాది. తొందరైతే థయోసల్ఫేట్ పలుకు ఒకటి. హేచరీల్లో సముద్రపు నీళ్లకి బ్లీచింగ్ వేసి, ఆనక దాంతోనే విరుస్తారు. కొళాయి నీళ్లు మరీ గట్టిగా ఉంటే సగం క్యాన్ నీళ్లు కలుపు. ఏది కలిపినా ఒకటే పాళ్లలో కలుపు, ఈ పూట ఒక రకం రేపు ఒక రకం వద్దు. ఒక సీసాలో జాడీ నీళ్లు, ఒక సీసాలో తొట్టి నీళ్లు పట్టియ్యి. రేపు పొద్దున ల్యాబ్‌కి మా గుంట నీళ్లు తీసుకుపోతా ఉండా, దాంతో పాటు ఇస్తా.

కోడలు: ఏ గుంట అని అడిగితే ఏం చెప్తావు?

మామ: వేదాయపాళెం గుంట అని చెప్తా. ఈ తెల్ల గొట్టం ఏంది?

కోడలు: హీటరు. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు ఉండాలంటారు.

మామ: నెల్లూరులో హీటరు! మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండకి మనుషులే ఉడికిపోతా ఉంటే, చేపకి వేడి చాల్లేదని హీటరు కొన్నావా? చలి దేశాల వాళ్ల వీడియో చూసుంటావు.

కోడలు: నవ్వకు. ఈ జాడీ ఉన్నది ఏసీ గదిలో. రాత్రంతా ఇరవై రెండులో ఏసీ, పొద్దున ఆపేస్తాం, మధ్యాహ్నానికి గది ముప్ఫై మూడు. రెండు లీటర్లు కాబట్టి నీళ్లు కూడా గదితో పాటే ఎక్కి దిగుతాయి. రోజూ పది డిగ్రీల ఊపు. దాని జబ్బుకి అదీ ఒక కారణమే.

మామ: దానికి మందు హీటరు కాదు. తొట్టిని ఏసీ గదిలోంచి హాల్లోకి మార్చు, కిటికీకి దూరంగా లోపలి గోడ పక్కన. ముప్ఫై లీటర్లు అంత తొందరగా ఎక్కవు, దిగవు.

కోడలు: కార్తీకంలో ముసురు పట్టినప్పుడు?

మామ: అప్పుడు పెట్టుకో. మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు, 2023 డిసెంబర్‌లో, వానకి గుంటలు ఎట్ట చల్లబడ్డాయో! అయితే నీ హీటరు ఆ రోజు కూడా పనికిరాదు, కరెంటే లేదు గదా. నేను ఏరేటర్లు ఆగకుండా జనరేటర్‌లో డీజిల్ పోస్తానే ఉండా. ఈ ఫైటర్‌కి ఆ బాధ లేదు, పంపు ఆగినా పైకొచ్చి గాలి పీల్చుకుంటాది. నేను మొదట చెప్పింది అదే.

కోడలు: ఆ ఒక్క ముక్కకి నీకు మార్కులు వేస్తాలే. కానీ పైన మూత ఉండాలి. ఎగిరి దూకుతుంది. పైగా నీటి మీద గాలి కూడా వెచ్చగా, తేమగా ఉంటే దానికి మంచిది.

ఫిల్టరు గాలిని సన్నగా పెట్టాలని, నీళ్లు సుడి తిరిగితే పొడుగు తోక చేప ఈదలేక అలిసిపోతుందని, లోతు కంటే పొడవు ముఖ్యమని, దాక్కోవడానికి ఒక చిన్న మట్టి కుండ వేయాలని ఇద్దరూ అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. గాజులో తన నీడ చూసి శత్రువనుకుని రెక్కలు విప్పి అలిసిపోతుంది కాబట్టి మూడు పక్కలా కాగితం అంటించాలని కోడలు అంటే మామ తల ఊపాడు. మందు దగ్గర మళ్లీ చెడింది. ఈసారి మందు కావాలన్నది ఆమె, వద్దన్నది ఆయన.

కోడలు: అంగట్లో రెండు సీసాలు ఇచ్చారు. ఒకటి నీలం, ఒకటి పసుపు. రెండూ వేస్తే తొందరగా తగ్గుతుందన్నారు.

మామ: జబ్బు పేరేంది?

కోడలు: తెలీదు. అందుకే రెండూ.

మామ: అట్టా వేసే మేం బాగుపడింది! గుంటలో ఏం వచ్చిందో తెలవకుండా యాంటీబయాటిక్ పోశాం ఒకప్పుడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అని పేర్లు నోటికి రాకముందే డబ్బాలు ఖాళీ చేశాం. యూరప్ వాళ్లు సరుకు వెనక్కి కొట్టాక తెలిసొచ్చింది. సెల్‌ఫోన్ లైటు వెయ్యి, చూద్దాం. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు ఉండాయా?

కోడలు: లేవు.

మామ: పక్కనుంచి లైటు పడితే బంగారు పొడి లాగా మెరుస్తా ఉందా?

కోడలు: అదీ లేదు.

మామ: పైనుంచి చూడు. పొలుసులు లేచి నిలబడ్డాయా?

కోడలు: లేదు. ఒంటికి అంటుకునే ఉన్నాయి.

మామ: బతికిపోయింది. పొలుసులు లేచుంటే ఒళ్లంతా నీరు పట్టినట్టు. చాలా వరకు దక్కవు. ఇది తోక కుళ్లు, అంచుకే ఉండాది, మొదటికి పోలేదు. మంచి నీళ్లే దీనికి సగం వైద్యం. లీటరుకి ఒక గ్రాము ఉప్పు. అయోడిన్ ప్యాకెట్ వద్దు, మన ఇసకపల్లి కొఠారు కల్లుప్పు చాలు. వేరే గిన్నెలో కరిగించి కొంచెం కొంచెంగా పొయ్యి. వారం పది రోజులు, అంతకు మించి వద్దు.

కోడలు: నీలం మందు?

మామ: మిథిలిన్ బ్లూ తొట్టిలో పోశావంటే నువ్వు అరువు తెచ్చుకునే బ్యాక్టీరియా చస్తాది. తోక కుళ్లు ఆగకుండా ఒంటి దాకా వస్తా ఉంటే అప్పుడు చేపని వేరే గిన్నెలో పెట్టి మందు సంగతి చూడు. అదైనా రెండూ కలిపి కాదు.

కోడలు: బాదం ఆకు వేస్తా మరి. ఫైటర్ పెంచేవాళ్లందరూ వేస్తారు. ప్యాకెట్‌లో పది ఆకులు ఆన్‌లైన్‌లో రెండు వందలు.

మామ: బాదం ఆకా? మన వీధుల్లో ఎర్రబడి రాలతాయే, పిల్లలు కాయలు కొట్టుకు తినే చెట్టు, అదా? దానికి రెండు వందలా! (చాలాసేపు నవ్వాడు.) మా ఊరి బడి ముందు గోతాలతో ఎత్తొచ్చు.

కోడలు: రాలి ఎండిందే తీసుకురా, పచ్చిది కొయ్యొద్దు. మందు కొట్టిన చోటు, డ్రైనేజీ పక్కన వద్దు. నీళ్లు కాస్త టీ రంగుకి తిరుగుతాయి. పుట్టిన చోట వాటికి అట్లాంటి నీళ్లే అలవాటు.

మామ: ఇంత తతంగం ఎందుకమ్మాయ్? బకింగ్‌హాం కాలవలో వదిలేస్తే దాని బతుకు అది బతకదా?

కోడలు: ఆ ఉప్పు నీళ్లలో చస్తుంది. ఒకవేళ ఏ మంచినీళ్ల చెరువులోనో వదిలితే, బతికితే, అది ఈ దేశపు చేప కాదు. పైగా దీని రోగం అక్కడి చేపలకి. తెల్లమచ్చ కథ ఇందాక చెప్పింది నువ్వే.

మామ: నాకు అర్థం కాంది ఒకటే. పంటకి టన్నుల రొయ్యలు పట్టి ఐస్‌లో వేస్తాం. ఒక్కటి చచ్చిందని ఎవురూ ఏడవరు. నువ్వు ఒక్క చేప కోసం ల్యాబ్ దాకా పంపిస్తా ఉండావు.

కోడలు: నువ్వు అర్ధరూపాయి చెయ్యని సీడ్‌కి ఏం చేస్తావు? చల్లబడేదాకా ఆగి, కవర్లు గుంటలో తేలేసి, నీళ్లు చెంబుతో కలిపి కలిపి వదులుతావు. దానికున్న మర్యాద నా చేపకి వద్దా?

మామ: అవి లక్షలు. పంట పోతే అప్పు. మర్యాద కాదది, భయం.

కోడలు: పోనీ, ఆ భయమే దీని మీద కూడా కాస్త పెట్టు. సాయంత్రం ఎట్లా వదలాలో చెప్పి పో.

మామ: సాయంత్రం వద్దు. ల్యాబ్ రిజల్ట్ రానీ. అప్పటిదాకా జాడీలో నీళ్లే బాగు చేద్దాం.

కోడలు: అయితే ఇప్పుడే సగం మార్చేస్తా.

మామ: సగం కాదు, పావు. ఆ జాడీ నీళ్లు పాతబడి పీహెచ్ దిగుంటాది. దిగబట్టే అమ్మోనియా విషం కాకుండా ఊరుకుంది. నువ్వు కొళాయి నీళ్లు సగం గుమ్మరించావంటే పీహెచ్ ఒక్కసారి ఎగురుతాది. మిగిలిన సగంలో అమ్మోనియా ఏమవుతాదో ఇందాకే చెప్పా.

కోడలు: పావు మారిస్తే ముప్పావు విషం అట్లాగే ఉంటుంది కదా!

మామ: ఇప్పుడు పావు, రాత్రి పడుకోబోయే ముందు పావు, పొద్దున పావు. వేడి సమానంగా ఉండేటట్టు చెయ్యి పెట్టి చూసుకుని, నిదానంగా. ఎల్లుండికి రెండు నీళ్లు ఒక తీరుకి వస్తాయి. అప్పుడు తొట్టిలోకి దించు.

కోడలు: పొద్దున అంటే ఎన్ని గంటలకి?

మామ: అయిదుకి.

కోడలు: అయిదుకా! పాలవాడు కూడా రాడు మామా.

మామ: నేను గుంట మీద ఉండేది ఆ టయానికే. ఫోన్ చేసి లేపుతాలే. ఆ సీసాలు రెండిటి మీదా పేర్లు రాసియ్యి, లేకపోతే ల్యాబ్‌లో నీ జాడీ నీళ్లకి నా గుంట రిపోర్టు వస్తాది.